290 వాట్ల డబ్బాకు ఏ కార్డు పెట్టాలె?

మూఢం పడ్డదంటే నల్లగొండలో ఫంక్షన్ హాళ్ల గేట్లకు తాళాలు పడుతయ్. నాకు మాత్రం అప్పుడే చేతినిండా పని. అప్పటిదాక అయిన పెండ్లిళ్ల ఆల్బమ్‌లు, వీడియో మిక్సింగులు అన్నీ నా టేబుల్ మీద పేరుకుంటయ్. దేవరకొండ, హాలియా, చండూరు, నకిరేకల్ దిక్కు ఫొటోగ్రాఫర్లు హార్డ్ డిస్కులు ఇచ్చిపోతరు, నేను రామగిరిలో మా ఇంటి ముందు గదిలో కూసొని కరిజ్మా ఆల్బమ్‌లు డిజైన్ చేస్త, వీడియో కట్ చేస్త. షాపు లేదు, బోర్డు లేదు. ఫోన్ నంబరు ఒకరి నుంచి ఒకరికి పోతది, అంతే.

ఈసారి మూఢంలో కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు, అదే బొమ్మల, వీడియోల పని మోసే కార్డు, వేయాలని కూసున్న. కొత్త కంప్యూటరే కొనొచ్చు కదా అంటరు. ఫొటోగ్రాఫర్ల దగ్గర నా బాకీలు మొత్తం ఒక్కసారి వస్తే కొనొచ్చు. అవి మళ్లా లగ్గాలు మొదలయ్యేదాక రావు. వచ్చేది కూడా కొంచెం కొంచెంగనే. అందుకని చేతిలో ఉన్నదాంట్లో ఏది పెడితే పని నడుస్తదో చూడాలె.

నాది డెల్ ఆప్టిప్లెక్స్ 9020, నిలువు టవర్ రకం. ఏదో ఆఫీసు వాడి తీసేసినది, సికింద్రాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌కు కొన్న. ఐ5 4590 ప్రాసెసర్, ఇంటెల్ నాలుగో తరం, 2014 నాటిది. నాలుగు కోర్లు, 16 జీబీ డీడీఆర్3 ర్యామ్, విండోస్‌కు ఒక ఎస్‌ఎస్‌డీ, పెండ్లిళ్ల ఫైళ్లకు పెద్ద హార్డ్ డిస్క్. గ్రాఫిక్స్ అంటే ప్రాసెసర్‌లోనే ఉన్న హెచ్‌డీ 4600. ఇన్నేండ్లు అన్నం పెట్టింది, దాన్ని తిట్టను.

కార్డు మాట ఎత్తంగనే మా తమ్ముడు వచ్చి పక్కన కూసున్నడు. వాడు పాలిటెక్నిక్. "అక్కా, ఆర్‌ఎక్స్ 580 తీస్కో. 8 జీబీ ఉంటది, సెకండ్‌హ్యాండ్‌ల సస్తాకు దొరుకుతది. నీ ఎడిటింగ్ గిట్ల చిటికెల అయిపోతది" అన్నడు. వాని కన్ను జీటీఏ ఆట మీద ఉందని నాకు ఎర్కే. అయినా వాడు చెప్పింది పూర్తిగా కొట్టిపారేసేది కాదు, అందుకే ముందు నా పని ఎక్కడ ఆగుతున్నదో చూద్దామని టాస్క్ మేనేజర్ తెరిచి పెట్టుకొని పని చేసిన. పర్ఫార్మెన్స్ పేజీలో ప్రాసెసర్, ర్యామ్, డిస్క్, గ్రాఫిక్స్ అన్నిటికీ విడివిడి గ్రాఫులు ఉంటయ్. పని చేసుకుంటనే ఏ గీత పైకి కొడుతున్నదో కనపడుతది. ఏ కార్డు కొనాలని అడిగే ప్రతి ఒక్కరికీ నేను ముందు చెప్పేది ఇదే. దీనికి పైస ఖర్చు లేదు.

ఫొటోషాప్‌లో ఆల్బమ్ షీట్ 12 బై 36 అంగుళాలు, 300 రిజల్యూషన్. అంటే 10,800 బై 3,600 పిక్సెళ్లు. దాంట్లో బ్యాక్‌గ్రౌండ్లు, మాస్కులు, ఇరవై ముప్పై లేయర్లు పడ్డంక అది నత్తనడక నడుస్తది. గ్రాఫు చూస్తే తిప్పలు ర్యామ్‌ది, డిస్క్‌ది. ర్యామ్ నిండంగనే ఫొటోషాప్ మిగతాది స్క్రాచ్ డిస్క్ మీద రాస్తది, నా స్క్రాచ్ డిస్క్ తిరిగే హార్డ్ డిస్క్ మీద ఉండె. ప్రిఫరెన్సెస్‌లోకి పోయి ఎస్‌ఎస్‌డీకి మార్చిన, సగం బాధ అక్కడనే పోయింది. ఆల్బమ్ డిజైన్ ఒక్కటే చేసేటోళ్లు ఇక్కడ ఆగిపోవచ్చు. ఇంకో ర్యామ్ పుల్ల వేసుకోండి, కార్డు పైసలు ఇంట్లో పెట్టుకోండి.

నా సంగతి వేరు. వీడియో కట్ చేసే ప్రీమియర్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌లైన్ మీద మామూలు హెచ్.264 రకం వీడియో క్లిప్పులు బాగనే నడుస్తయ్, ఎందుకంటే ఇంటెల్ ప్రాసెసర్‌లో ఉన్న క్విక్ సింక్ వాటిని విప్పుతది. పెండ్లికూతురు తరఫు వాళ్లు ఐఫోన్‌లో తీసి "అక్కా, ఇది కూడ కలపండి" అని పంపే హెచ్‌ఈవీసీ, అంటే ఇంకా గట్టిగ కుదించిన రకం, క్లిప్పులు వచ్చినప్పుడు కథ మారుతది. నాలుగో తరం ఇంటెల్‌లో హెచ్‌ఈవీసీని విప్పేందుకు ప్రత్యేకమైన యూనిట్ లేదు, భారం మొత్తం నాలుగు కోర్ల మీద పడుతది, ప్రాసెసర్ గీత నూటికి తగిలి అక్కడనే నిలుచుంటది. పైనుంచి రంగులు దిద్దే లుమెట్రీ కలర్ వేసి, జీలకర్ర బెల్లం సీను స్లో మోషన్ చేసి, కొంచెం బ్లర్ పెడితే ఇక సరే సరి. కార్డు లేకపోతే ప్రీమియర్ ఆ ఎఫెక్టులన్నీ 'సాఫ్ట్‌వేర్ ఓన్లీ' పద్ధతిలో ప్రాసెసర్‌తోనే చేస్తది. రాత్రి ఎక్స్‌పోర్ట్ పెట్టి పండుకుంటే పొద్దున లేచేసరికి ఇంకా నడుస్తనే ఉంటది, నడుమ కరెంటు పోతే మళ్లా మొదటికి.

ఇంకోటి, నన్ను నిజంగ కదిలించింది, బరాత్ ఫొటోలు. రాత్రి పదకొండు దాటినంక డీజే లైట్ల కింద తీసినవి, వెలుతురు చాలక కెమెరాలో పెంచే ఐఎస్‌ఓ 6400, 12800. నల్ల బట్టల మీద ఇసుక చల్లినట్టు నాయిస్. ఫొటోషాప్ చేసే అడోబీ వాళ్లు 2023 ఏప్రిల్‌లో లైట్‌రూమ్‌లో, కెమెరా రాలో ఆ నాయిస్ తీసేసే ఏఐ డీనాయిస్ పెట్టిన్రు. రా ఫైలు, అంటే జేపెగ్‌గ కుదించకముందు కెమెరా ఇచ్చే అసలు ఫైలు, ఇస్తే అది చేసే పని చూస్తే ఎవలైనా నోరు తెరవాల్సిందే. మీట నొక్కంగనే ఒక చిన్న డబ్బా వస్తది, అంచనాగా ఎంత టైము పడుతదో రాసి ఉంటది. నా కంప్యూటర్‌లో ఒక్క ఫొటోకు చూపించిన టైము చూసి క్యాన్సిల్ కొట్టిన. ఆల్బమ్‌కు బరాత్ నుంచి ఒక ముప్పై ఫొటోలు ఏరినా అది రోజులో అయ్యే పని కాదు. ఈ డీనాయిస్ మొత్తం గ్రాఫిక్స్ కార్డు మీదనే నడుస్తది. దాంట్లో కూడా ఎన్విడియా ఆర్టీఎక్స్ కార్డుల్లో ఉండే, ఏఐ లెక్కల కోసమే పెట్టిన టెన్సర్ కోర్లు ఉంటే పని చానా తొందరగా అయితది. జీటీఎక్స్ 16 వరుస కార్డుల్లో ఆ కోర్లు లేవు. ఈ ఒక్క ముక్క చివరికి నా లెక్కను తిప్పింది, అక్కడికి వస్త.

అంతకన్న ముందు కరెంటు సంగతి. మా ఆయన మోటర్ వైండింగ్ చేస్తడు, బోరు మోటర్లు, గిర్నీ మోటర్లు. కంప్యూటర్ గురించి ఆయనకు పట్టింపు లేదు గాని కరెంటు అంటే మాత్రం పక్కకొచ్చి నిలబడతడు. కంప్యూటర్ సైడ్ డోర్ తీసి ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలికి కరెంటు పంచే పెట్టె, మీది లేబుల్ చదివి "290 వాట్లే కదనే. దీంట్ల ఏం ఎక్కిస్తవ్?" అన్నడు.

అదే అసలు ప్రశ్న. ఈ ప్రాసెసర్ పూర్తి జోరు మీద 84 వాట్లు తింటది. మదర్‌బోర్డు, డిస్కులు, ఫ్యాన్లు, ర్యామ్ అన్నీ కలిపి ఇంకో 40, 50 వేసుకోవాలె. 75 వాట్ల కార్డు పెడితే మొత్తం 210 దగ్గర ఆగుతది. ఎండకాలం మా ముందు గది ఎట్ల కాలుతదో తెలిసినోళ్లకు ఆ పైన మిగిలిన 80 వాట్లు ఎందుకు విడిచిపెట్టాల్నో చెప్పే పని లేదు. తమ్ముడు చెప్పిన ఆర్‌ఎక్స్ 580 ఒక్కటే 185 వాట్లు. దానికి ఎనిమిది పిన్నుల వైరు వేరే కావాలె, ఈ డబ్బాలో అసలు ఆ వైరే లేదు.

"ఎస్‌ఎంపీఎస్ మారుస్తే అయిపాయె" అన్నడు వాడు. ఈ డెల్ బోర్డుకు మామూలు 24 పిన్నుల సాకెట్ లేదు, వాళ్లది సొంత ఎనిమిది పిన్నుల సాకెట్. బయట దొరికే ఎస్‌ఎంపీఎస్ పెట్టాలంటే 24 నుంచి 8కి మార్చే అడాప్టర్ తెప్పించాలె. ఆన్‌లైన్‌లో దొరుకుతది, చేసినోళ్లు ఉన్నరు. కాని మంచి ఎస్‌ఎంపీఎస్, ఆ అడాప్టర్, రెండూ కలిపితే కార్డు బడ్జెట్‌లో నాలుగో వంతు అక్కడనే పోతది. సస్తా ఎస్‌ఎంపీఎస్ తెస్తనంటే మా ఆయన ఒప్పుకోలే. ఊర్లో ఒక షాపులో '450 వాట్లు' అని పెద్దగ స్టిక్కర్ ఉన్నది చూపించిన్రు. ఈయన దాన్ని తిప్పి లేబుల్‌లో 12 వోల్ట్ గడి దగ్గర ఆంపియర్లు చూసిండు, 18 ఆంపియర్లు ఉన్నయ్. 12 ఇంటు 18, 216 వాట్లు. ప్రాసెసర్‌కు, కార్డుకు పనికొచ్చేది ఆ 12 వోల్ట్ లైనే. "మూడు హెచ్‌పీ మోటర్‌కు ఐదు హెచ్‌పీ స్టిక్కర్ వేసినట్టు ఉన్నది" అని అక్కడ పెట్టి వచ్చిండు. పాత డెల్, హెచ్‌పీ ఆఫీసు డబ్బాల్లో వచ్చే ఎస్‌ఎంపీఎస్ చిన్న అంకె చెప్తది గాని చెప్పింది ఇస్తది. దాన్ని పీకి పేరులేని 450 పెట్టుడు ముందుకు పోవుడు కాదు.

అదే షాపులో ఇంకో సలహా కూడా ఇచ్చిన్రు. "కన్వర్టర్ వేస్తం మేడమ్, హార్డ్ డిస్క్ వైరు నుంచి ఆరు పిన్నులు తీస్తం, ఏ కార్డైనా నడుస్తది." ఈ మాట చానా షాపుల్లో వింటరు, అందుకే లెక్క వివరంగ రాస్తున్న. హార్డ్ డిస్క్‌కు కరెంటు ఇచ్చే సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్ట్‌కు మూడు పిన్నులు ఉంటయ్, ఒక్కో పిన్ను మోసేది ఒకటిన్నర ఆంపియర్. మొత్తం నాలుగున్నర ఆంపియర్లు, అంటే 54 వాట్లు. ఆరు పిన్నుల సాకెట్ నుంచి కార్డు 75 వాట్ల దాక గుంజొచ్చు. ఆ తేడా ఎక్కడ పోతది? ప్లాస్టిక్ కరిగే దిక్కు. మా ఆయన రోజూ చూసేది అదే కదా, కాలిన టెర్మినళ్లు.

ఇట్ల గీత పడ్డది. మదర్‌బోర్డు మీది పొడుగు స్లాటు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ 16, నియమం ప్రకారం కార్డుకు 75 వాట్ల దాక ఇస్తది. బయటి నుంచి ఏ వైరు లేకుండ ఆ 75లోనే బతికే కార్డే నాకు కార్డు. వెతుకుడు ఒక్కసారిగ చిన్నదైపోయింది, నాకు అది బాగనే అనిపించింది. వందల కార్డుల రివ్యూలు చూసే బాధ తప్పింది.

మన దిక్కు షాపుల్లో బడ్జెట్ కార్డు అంటే ముందు తీసి పెట్టేది జీటీ 730. '4 జీబీ' అని డబ్బా మీద రాసి ఉంటది. ఆ 4 జీబీ చూసే చానామంది పడిపోతరు. 730లో చానా రకాలు వచ్చినయ్, వాటిలో 64 బిట్ డీడీఆర్3 రకం అయితే మెమరీ వేగం సెకనుకు 14.4 జీబీ. నా కంప్యూటర్‌లో ఉన్న మామూలు డీడీఆర్3 1600 ర్యామ్ పుల్లలు రెండు జంటగ పెడితే సెకనుకు 25.6 జీబీ ఇస్తయ్. అంటే పైసలు పెట్టి కొనే కార్డు మెమరీ, ఇప్పటికే డబ్బాలో ఉన్న ర్యామ్ కన్న మెల్లగ నడుస్తది! పైగ దాంట్లో ఉండే కెప్లర్ చిప్పులకు ఎన్విడియా 2021లోనే కొత్త గేమ్ డ్రైవర్లు ఆపేసింది. రెండో మానిటర్ తగిలించుకునే అవసరం ఉంటే తీసుకోండి, అంతకన్న ఆశ పెట్టుకోవద్దు.

జీటీ 1030 కొంచెం మేలు, 30 వాట్లే. కాని అది కూడా రెండు రకాలు, జీడీడీఆర్5 ఒకటి, డీడీఆర్4 ఒకటి. పేరు ఒక్కటే, డీడీఆర్4ది వేగంలో మూడో వంతు మెమరీ. ఇక వీడియోను ఎన్‌కోడ్ చేసే, అంటే ఎక్స్‌పోర్ట్ అప్పుడు కుదించి ఫైలు చేసే, ఎన్‌వెంక్ యూనిట్ ఈ రెండిట్లోనూ లేదు, నా పనికి అక్కడనే కొట్టుకుపోయింది. ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400 అయితే 53 వాట్లు, చూడ చక్కగ ఉంటది, కాని దాంట్లోనూ వీడియో ఎన్‌కోడర్ తీసేసిన్రు. స్లాటులో డేటా పోయే దారులు 16 ఉంటే అది వాడుకునేది నాలుగే. పీసీఐ 4 బోర్డులో ఆ నాలుగు సరిపోతయ్ గాని నా బోర్డు పీసీఐ 3, దారి వేగం సగానికి పడుతది. ఇంటెల్ ఆర్క్ ఏ380 నాకు మస్తు ఆశ పెట్టింది. 6 జీబీ, ఏవీ1 అనే కొత్త రకం వీడియో ఎన్‌కోడింగ్ దాక అన్నీ ఉన్నయ్. దానికి రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉన్న బోర్డు కావాలె, ఇంటెల్ పదో తరం నుంచి పైకి అని వాళ్లే చెప్తున్నరు. నాలుగో తరం పట్టుకొని నేను ఆ కార్డు దిక్కు చూసుడు దండుగ.

మిగిలినవి మూడు. జీటీఎక్స్ 1050 టీఐ, జీటీఎక్స్ 1650, ఆర్టీఎక్స్ 3050 6 జీబీ.

1050 టీఐ 2016 అక్టోబర్ నాటిది, 4 జీబీ, 75 వాట్లు. సెకండ్‌హ్యాండ్‌లో అన్నిటికన్న సస్తా. కొన్నేండ్ల కింద అయితే కండ్లు మూసుకొని తీసుకొమ్మని చెప్దును. 2025 అక్టోబర్‌తోటి ఎన్విడియా పాస్కల్ కార్డులకు, అంటే ఈ 1050 టీఐ తరానికి, గేమ్ రెడీ డ్రైవర్లు ఆపింది, ఇక 2028 దాక మూడు నెలలకోసారి సెక్యూరిటీ అప్‌డేట్లే. ఆట ఆడుకునేటోళ్లకు దానితోటి ఇప్పుడే వచ్చే ఇబ్బంది ఏం లేదు. నాకు ఉంటది. అడోబీ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా 'మీ డ్రైవర్ పాతది' అని గొడవ పెడుతది, ఇంకో రెండేండ్లకు ఆ గొడవ నా ఇంట్లో మొదలైతది. ఇంకో భయం, దొంగ కార్డులు. పాత జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ లాంటి కార్డుల బయాస్, అంటే కార్డు తన పేరు చెప్పుకునే లోపలి ప్రోగ్రామ్, మార్చి '1050 టీఐ 4 జీబీ' అని అమ్మిన బాపతు మార్కెట్‌లో మస్తు తిరిగింది. జీపీయూ-జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉచితం, 2018 నుంచి అది ఇసొంటి కార్డు పేరు ముందు 'ఫేక్' అని రాసి చూపిస్తది. సెకండ్‌హ్యాండ్ కార్డు ఏదైనా సరే, అమ్మేటాయన కంప్యూటర్‌లోనే అది తెరిపించి చూసినంకనే పైసలు తీయండి.

అదే సందులో మైనింగ్ కార్డుల, అంటే క్రిప్టో నాణేల కోసం నడిపిన కార్డుల, సంగతి ఒక మాట. ఇథీరియం అనే క్రిప్టో నాణెం 2022 సెప్టెంబర్‌లో పద్ధతి మార్చుకున్నంక దాన్ని కార్డులతో మైనింగ్ చేసుడు ఆగింది, ఆ కార్డులన్నీ సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లోకి వచ్చిపడ్డయ్. తమ్ముడు సస్తాకు దొరుకుతదన్న 580లు ఎక్కువగ ఆ బాపతే. వాటిలో '2048 ఎస్‌పీ' అని ఉన్నవి పేరుకే 580, లోపల 570 అంత సరుకే.

1650, 3050 మధ్యన నేను నిజంగ కొట్టుకున్న. 1650 2019 ఏప్రిల్‌ది, ట్యూరింగ్ చిప్పు, 4 జీబీ, 75 వాట్లు. డ్రైవర్లు ఇంకా వస్తున్నయ్. హెచ్‌ఈవీసీ విప్పుతది, లుమెట్రీ, స్కేలింగ్, బ్లర్ అన్నీ మోస్తది, ఎక్స్‌పోర్ట్‌కు ఎన్‌వెంక్ ఉన్నది (దాంట్లో పెట్టింది ఒక తరం పాత ఎన్‌వెంక్, కాని పెండ్లి వీడియోకు ఆ తేడా పట్టి చూసేటోళ్లు లేరు). పాతది ఏడు వేల దగ్గర చెప్పిన్రు. ఇది కొనేటప్పుడు చూడాల్సింది ఒకటుంది, కొన్ని కంపెనీలు వేగం పెంచి అమ్మిన 1650లకు ఆరు పిన్నుల సాకెట్ ఉంటది. కార్డు పై అంచు ఫొటో అడిగి చూడాలె.

3050 విషయంలో పేరు తోటి పెద్ద మోసమే ఉన్నది. 2022లో వచ్చిన ఆర్టీఎక్స్ 3050 8 జీబీ 130 వాట్లు, దానికి వైరు కావాలె. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 3050 6 జీబీ 70 వాట్లు, స్లాటు కరెంటే చాలు. 2 జీబీ మెమరీ తగ్గించిన్రు అంతే అనుకుంటరు, లోపల కోర్లు 2,560 నుంచి 2,304కు తగ్గినయ్, మెమరీ దారి 128 బిట్ నుంచి 96కు తగ్గింది. వేరే కార్డుకు అదే పేరు పెట్టుడు నాకైతే నచ్చలే. కాని నాలాంటి 290 వాట్ల ఇంటికి ఆ తగ్గించిందే పనికొచ్చేది. ఇది కూడా స్లాటులో ఎనిమిది దారులే వాడుతది, పీసీఐ 3లో ఎనిమిదంటే ఈ కార్డుకు ఇబ్బంది లేదు. కొత్తది, మూడేండ్ల వారంటీతోటి నేను అడిగినప్పుడు 16 వేల చిల్లర ఉండె.

తొమ్మిది వేల తేడా. ఆ తొమ్మిది వేలకు నాకేం వస్తదని కాగితం మీద రాసుకున్న. టెన్సర్ కోర్లు వస్తయ్, అంటే బరాత్ ఫొటోలు. 4కు బదులు 6 జీబీ వస్తది, 4కే టైమ్‌లైన్ మీద ఎఫెక్టులు పేర్చినప్పుడు 4 జీబీ నిండితే ప్రీమియర్ ఎర్రర్ కొట్టి మళ్లా సాఫ్ట్‌వేర్ పద్ధతికి పడిపోయే బాధ కొంత తగ్గుతది. వారంటీ వస్తది. అన్నిటికన్న ముఖ్యంగ, ఈ కార్డు ఈ డబ్బా తోటి చావదు. నాలుగో తరం ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగ లేదు, ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14న అయిపోయింది. అంటే ఇయ్యాల కాకపోతే ఇంకో ఏడాదికి బోర్డు, ప్రాసెసర్ మార్చక తప్పదు. అప్పుడు ఈ 3050ని పీకి దాంట్లో పెట్టుకుంట. 1650 అయితే అప్పటికి అది ఇంకా పాతదైతది.

తమ్ముడు ఈ కాగితం చూసి "మరి నేనెందుకు ఇంతసేపు మాట్లాడిన" అన్నడు. 3050లో నీ జీటీఏ నడుస్తది లేరా అంటే ముఖం మంచిగైంది.

ఒక్క సంగతి మాత్రం ఏ బడ్జెట్ కార్డూ తీర్చలేనిది ఉన్నది, మిక్సింగ్ చేసేటోళ్లు ఇది తెలిసి పైసలు పెట్టాలె. ఇప్పుడు మన దిక్కు ఫొటోగ్రాఫర్లు సోనీ ఏ7 ఫోర్ లాంటి కెమెరాలు కొంటున్నరు. వాటిలో 4:2:2 10 బిట్ అని, మామూలు 4:2:0 కన్న రంగుల వివరం ఎక్కువ దాచే ఒక రికార్డింగ్ ఉంటది. రంగులు దిద్దుకునేందుకు చానా మంచిది. దాన్ని విప్పే హార్డ్‌వేర్ ఎన్విడియా కార్డుల్లో 2025లో వచ్చిన ఆర్టీఎక్స్ 50 వరుస దాక లేనే లేదు. 1650లో లేదు, 3050లో లేదు, లక్షకు పైగ పెట్టి కొన్న 4090లోనూ లేదు. ఇంటెల్‌లో హెచ్‌ఈవీసీ 4:2:2 అయితే పదకొండో తరం నుంచి క్విక్ సింక్ విప్పుతది. ఆ ఫైళ్లు నా డబ్బాలో పడితే కార్డు చేతులు ముడుచుకొని కూసుంటది, నాలుగు కోర్లే మోయాలె. దీనికి మందు ప్రాక్సీలు. ప్రీమియర్‌లో క్లిప్పుల మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాక్సీ చేయమంటే చిన్న సైజు కాపీలు తయారు చేసి పెడుతది, వాటి మీద కట్ చేసుకోవచ్చు, ఎక్స్‌పోర్ట్ అప్పుడు అసలు ఫైలే తీసుకుంటది. అన్నం తినేటప్పుడు ప్రాక్సీలు పెట్టి పోత. ఐఫోన్ క్లిప్పులు, పాత ఏ7 త్రీ ఫైళ్లు, అవి 4:2:0 కాబట్టి కార్డే విప్పుతది.

కొనేందుకు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకే పోయినం. పొద్దున బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగి, మెట్రోలో అమీర్‌పేట మారి ప్యారడైజ్‌లో దిగితే పార్క్ లేన్ నడిచిపోయేంత దూరమే. నల్లగొండలో ఈ కార్డు ఆర్డర్ మీద తెప్పిస్తమన్నరు గాని చేతిలో పట్టుకొని చూసి కొనేది నాకు కావాలె, ఎందుకంటే డబ్బా లోపల హార్డ్ డిస్క్ గూడు అడ్డం ఉన్నది. ఇంట్లోనే టేపు పెట్టి స్లాటు నుంచి ఆ గూడు దాక ఎంతుందో కొలుచుకొని పోయినం. షాపాయన రెండు ఫ్యాన్ల పొడుగు మోడల్ ముందు పెట్టిండు, మా తమ్ముడు టేపు తీసిండు. ఆయన నవ్వి లోపలికి పోయి ఒక్క ఫ్యాన్ పొట్టి మోడల్ తెచ్చిండు. సన్న డబ్బా, అదే ఎస్‌ఎఫ్‌ఎఫ్ అనేది, ఉన్నోళ్లు లో ప్రొఫైల్ మోడల్ అడగాలె, దానితోటి పొట్టి బ్రాకెట్ కూడా ఇస్తరు. బిల్లు లేకుండ తీసుకుంటే కొంచెం తగ్గిస్తమన్నది ఇంకో షాపు. మూడేండ్ల వారంటీ ఉన్న వస్తువుకు బిల్లు వదులుకునేది ఎందుకు? 18 శాతం జీఎస్టీ బిల్లు మీద, సీరియల్ నంబరు రాయించుకొనే వచ్చినం.

పెట్టుడు పెద్ద పని కాదు. స్లాటులో నొక్కి, స్క్రూ బిగించి, డ్రైవర్ వేసుడే. రెండు సంగతులు మాత్రం ముందే తెలుసుకోండి. నా పాత మానిటర్ వీజీఏది. ఈ కార్డుకు హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్ట్ ఉన్నయ్, వీజీఏ లేదు. కొన్ని కార్డులకు డీవీఐ ఉన్నా అది డీవీఐ-డి, దానికి వంద రూపాయల తోక తగిలిస్తే వీజీఏ రాదు. లోపల చిప్పు ఉన్న హెచ్‌డీఎంఐ టు వీజీఏ కన్వర్టర్ కావాలె. రెండోది, కార్డు పెట్టంగనే చానా బోర్డులు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌ను బంద్ చేస్తయ్, దానితోటి క్విక్ సింక్ పోతది. ఎడియస్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మిక్సింగ్ చేసేటోళ్లకు ఇది పెద్ద దెబ్బ, కార్డు కొన్నంక ఎక్స్‌పోర్ట్ మెల్లగైందని ఏడ్చేది ఇందుకే. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే బయాస్ సెట్టింగుల్లోకి పోయి వీడియో దగ్గర మల్టీ డిస్‌ప్లే ఆన్ చేస్తే రెండూ నడుస్తయ్.

ఇప్పుడు బరాత్ ఫొటో ఒక్కోటి అర నిమిషం అటో ఇటో డీనాయిస్ అయితున్నది. చాయ్ పెట్టుకొని వచ్చేసరికి ఒక సీను మొత్తం తేరుకుంటది. ఎక్స్‌పోర్ట్ రాత్రంత నడిచే రోజులు పోయినయ్. ప్రాసెసర్ గీత మాత్రం ఇంకా పైననే కొట్టుకుంటున్నది, వీడియో వణుకు తగ్గించే వార్ప్ స్టెబిలైజర్ పెడితే అదే పాత కథ, ఎందుకంటే ఆ లెక్క కట్టేది ప్రాసెసరే. తమ్ముని ఆటలో కూడా కార్డు ఖాళీగ ఉండి ప్రాసెసర్ ఆయాసపడుతున్నది, వాడు ఇప్పుడు ఐ7 4790 పాతది ఎంతకు దొరుకుతదో చూస్తున్నడు. అదే సాకెట్‌లో పడుతది, వాట్లు కూడా 84నే, ఆలోచించొచ్చు.

ఫొటోగ్రాఫర్లందరికీ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టిన: అన్నా, మిక్సింగ్‌కు ఇచ్చే వీడియో 4:2:0లో తీయండి, 4:2:2లో తీస్తే ప్రాక్సీలకు ఇంకో రోజు టైము ఇయ్యండి, బరాత్ ఫొటోలు రా ఫైళ్లు కూడా కాపీ చేయండి అని. అందరూ సరే అన్నరు. మొన్న దేవరకొండ నుంచి కొత్త డిస్క్ వచ్చింది. వీడియో మొత్తం 4:2:2, ఫొటోలు మొత్తం జేపెగ్.